తోబ్రుక్ ముట్టడిలో ఉండగా సిడ్నీ ఓటేసింది

పోయిన నెల మా ఇంట్లో పాట్‌లక్. సిడ్నీ పడమటి శివార్లలో తెలుగువాళ్ళ శనివారం సాయంత్రాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పులిహోర ఇద్దరు తెచ్చారు (ఎప్పుడూ ఇద్దరే తెస్తారు), పెరుగన్నం మిగిలిపోయింది, గరాజ్‌లో క్యారమ్స్ బోర్డు దగ్గర పిల్లలు కొట్టుకుంటున్నారు. భోజనాలయ్యాక మాట ఎటు తిరిగి ఎటో ఉక్రెయిన్ మీదికి వెళ్ళింది. "జెలెన్‌స్కీ ఐదేళ్ళు 2024 మేలోనే అయిపోయాయి కదన్నా, ఎన్నికలు పెట్టకుండా ఇంకా కూర్చుంటే డిక్టేటర్ కాకపోతే ఏంటి?" అన్నాడు మా ఆఫీసు కుర్రాడు.

నేను నోరు తెరిచేలోపే, కొడుకు దగ్గర మూడు నెలలుందామని రాజమండ్రి నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "యుద్ధం జరుగుతుంటే ఓట్లేంటి బాబూ? కొంప అంటుకున్నప్పుడు నీళ్ళు పోస్తారా, ఇంటి పెత్తనం ఎవరిదని పంచాయితీ పెడతారా?"

అందరూ నవ్వారు. వాదన అక్కడితో సరి. హెడ్‌మాస్టర్లతో ఇదే చిక్కు, పోలిక ఒకటి పడేసి గంట కొట్టేస్తారు.

రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది. మేం కూర్చుని కబుర్లు చెప్పుకున్న ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమే ఒకప్పుడు సరిగ్గా ఆ పని చేసింది. కొంప అంటుకుని ఉండగానే పంచాయితీ పెట్టింది. పెత్తనం మార్చేసింది కూడా.

ఆ శనివారం

మా ఆఫీసు రెడ్‌ఫర్న్ స్టేషన్ పక్కన, ఒకప్పటి ఈవ్లీ రైల్వే వర్క్‌షాపుల స్థలంలో ఉంది. కాఫీకి కిందికి దిగితే ఆవిరి ఇంజన్ల కాలంనాటి ప్రెస్సులు ఏనుగుల్లా నిలబడి ఉంటాయి. వాటికి నల్లరంగు వేసి, చుట్టూ రెయిలింగ్ కట్టి ఉంచారు. వాటి మధ్యలోంచి లాప్‌టాప్ బ్యాగులు వేసుకుని నడిచిపోతాం. ఇక్కడ ఎవరు పనిచేసేవాళ్ళు, ఎవరికి ఓటేసేవాళ్ళు అని వెతుకుతూ పోతే నాకు విలియం మెకెల్ దొరికాడు. బాయిలర్లు చేసే పనివాడు. 1917లో రెడ్‌ఫర్న్ నుంచి మొదటిసారి ఎమ్మెల్యే అయ్యాడు. 1939లో జాక్ లాంగ్ లాంటి మొండిఘటాన్ని దించి రాష్ట్ర లేబర్ పార్టీ నాయకుడయ్యాడు.

1941 మే 10, శనివారం నాడు ఇక్కడ రాష్ట్ర ఎన్నిక. ఆ రోజుకి ప్రపంచం ఎలా ఉందో చూడండి. ఉత్తర ఆఫ్రికాలో తోబ్రుక్‌ను జర్మన్లు నెల రోజులుగా ముట్టడించి ఉన్నారు. లోపల చిక్కుకున్న దండులో 14 వేల మంది దాకా ఆస్ట్రేలియన్లే. రెండు వారాల ముందు, సరిగ్గా యాంజాక్ డే (యుద్ధాల్లో పోయిన సైనికులను ఇక్కడ తలుచుకునే రోజు) రోజుల్లో, గ్రీసు నుంచి ఆస్ట్రేలియా సేనలు ఓడలెక్కి బయటపడ్డాయి. రెండు వేల మందికి పైగా జర్మన్లకు ఖైదీలుగా చిక్కారు. అప్పటికే పెట్రోలుకు రేషన్. దేశ ప్రధాని మెంజీస్ దేశంలోనే లేడు. నెలల తరబడి లండన్‌లో ఉండి, ఇంకా తిరుగుదారిలో ఉన్నాడు.

ఆ వారం పేపర్లు ఇప్పుడు ఆన్‌లైన్లో ఉచితంగా చదువుకోవచ్చు. సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ మొదటి పేజీ నిండా వరుస ప్రకటనలే (ఆ పత్రిక మొదటి పేజీకి వార్తలెక్కింది 1944లో). లోపలికి వెళ్తే యుద్ధమూ ఎన్నికా పక్కపక్కనే. కొడుకు ఏ ఓడలో ఉన్నాడో తెలియని తల్లి కూడా ఆ శనివారం వెళ్ళి ఓటేసింది. ఇక్కడ ఓటు వేయడం తప్పనిసరి, అప్పుడూ అంతే. ఇప్పుడు రాష్ట్ర ఎన్నికలో వేయకపోతే 55 డాలర్ల జరిమానా.

ఫలితం? అధికారంలో ఉన్న అలెగ్జాండర్ మేర్ ప్రభుత్వం కుప్పకూలింది. 90 సీట్లలో లేబర్‌కు 54 వచ్చాయి. అంతకుముందు, 1938లో, వాళ్ళకున్నవి 28. మేర్ పార్టీ ప్రధాని మెంజీస్ పార్టీయే. యుద్ధం నడుపుతున్న పార్టీని, యుద్ధం అన్నివైపులా ఎదురు తిరుగుతున్న సమయంలో, జనాభాలో దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రం ఇంటికి పంపింది.

నాకు ఆసక్తి కలిగించింది గెలుపు కన్నా అది వచ్చిన తీరు. యుద్ధానికి మా మద్దతు పూర్తిగా ఉంది అని మెకెల్ ఆ సంగతి పక్కన పెట్టాడు. తర్వాత మాట్లాడిందంతా నీళ్ళు, నేల, పల్లెటూళ్ళు. పల్లె నియోజకవర్గాల్లో అక్కడి జనానికి మొహం తెలిసిన మనుషుల్నే ఏరి నిలబెట్టాడు. ఒక తరం పాటు లేబర్ మొహం చూడని ఊళ్ళు అతనికి ఓటేశాయి. ఆ రోజు మొదలైన లేబర్ పాలన ఈ రాష్ట్రంలో 1965 దాకా, అంటే 24 ఏళ్ళు, ఆగలేదు.

మరి కొంప కాలిందా? కాలలేదు. తోబ్రుక్ నిలిచింది. ఆగస్టులో మెంజీస్ దిగిపోయాడు. తర్వాత వచ్చిన ఫాడెన్ నలభై రోజులున్నాడు. అక్టోబరులో ఇద్దరు స్వతంత్ర సభ్యులు అటునుంచి ఇటు దూకితే జాన్ కర్టిన్ ప్రధాని అయ్యాడు. ఆపై రెండు నెలలకు పెరల్ హార్బర్. 1942 మే 31 రాత్రి జపాన్ బుల్లి సబ్‌మెరైన్లు సిడ్నీ హార్బర్లోకే వచ్చి 21 మందిని చంపాయి. యుద్ధం ఇంటి గుమ్మంలోకి వచ్చిన ఆ రోజు రాష్ట్రాన్నీ దేశాన్నీ నడుపుతున్నవాళ్ళు, యుద్ధం మధ్యలో వచ్చిన కొత్తవాళ్ళే. 1944 మేలో మళ్ళీ రాష్ట్ర ఎన్నిక. మళ్ళీ మెకెల్. అదే ఏడాది అతని ప్రభుత్వం కొసియస్కో మంచుకొండలను రాష్ట్ర పార్కుగా కాపాడే చట్టం చేసింది. యుద్ధం మంచి వేడిమీద ఉండగా కొండల మీది నీళ్ళ గురించి ఆలోచించే తీరిక ఒక ప్రభుత్వానికి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరైనా అడగాలి. ఓటర్లు అడిగింది దాని గురించి కాబట్టి వచ్చింది అంటాను నేను.

ఇక్కడితో ఆపితే బాగుండేది

ఇంతవరకే రాసి హెడ్‌మాస్టరు గారికి వాట్సాప్‌లో పంపించేసి ఉంటే వాదన గెలిచినట్టే. కానీ మెకెల్ మొదటిసారి ఎమ్మెల్యే అయిన 1917 నన్ను వదల్లేదు. అదీ యుద్ధకాలపు ఎన్నికే.

అప్పటి కథ వేరు. 1916లో ప్రధాని బిల్లీ హ్యూస్, కుర్రాళ్ళను నిర్బంధంగా విదేశాల్లో యుద్ధానికి పంపాలని ప్రజాభిప్రాయం అడిగాడు. జనం కాదన్నారు. లేబర్ పార్టీ నిలువునా చీలింది. నిర్బంధ సైనిక సేవ కావాలన్న రాష్ట్ర ప్రీమియర్ హోల్మన్‌ను (ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రే) పార్టీ గెంటేసింది. అతను నిన్నటిదాకా తిట్టినవాళ్ళతోనే కలిసి నేషనలిస్టుగా మారి, 1917 మార్చిలో ఎన్నికకు వెళ్ళాడు. నినాదం ఒకటే, యుద్ధం గెలవాలి. గెలిచాడు. బాగానే గెలిచాడు. ఆ గాలికి ఎదురు నిలిచి రెడ్‌ఫర్న్‌లో గెలిచిన పాతికేళ్ళ కుర్రాడే మెకెల్. ఓడించింది ఎవర్ననుకున్నారు? ఈ రాష్ట్రానికి మొట్టమొదటి లేబర్ ప్రీమియర్ అయిన మెక్‌గోవెన్‌ని. ఆయనా ఒకప్పుడు బాయిలర్లు చేసినవాడే.

సరే, మార్చిలో హోల్మన్ గెలిచాడు. ఆగస్టులో ఏమైంది? నేను రోజూ కాఫీ తాగే ఈ ఈవ్లీ వర్క్‌షాపుల్లోనూ, రాండ్విక్ ట్రామ్ వర్క్‌షాపుల్లోనూ, ఎవరు ఎంతసేపు ఏ పని చేశారో కార్డుల మీద రాసే కొత్త పద్ధతి పెట్టారు. పనివాళ్ళు బయటికి నడిచారు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా అంటుకుంది. ఆస్ట్రేలియా చూసిన అతి పెద్ద సమ్మెల్లో అదొకటి. అయిదు నెలల కింద బ్రహ్మాండంగా గెలిచిన ప్రభుత్వానికి, తన సొంత రైలు కార్మికుల కడుపులో ఏముందో తెలియలేదు. తెలియడానికి ఎన్నికలో ఆ ప్రశ్న ఎవరు వేశారు గనుక? అడిగింది యుద్ధం గురించి. చెప్పిందీ దాని గురించే. ఇంకా చిత్రం, అదే ఏడాది డిసెంబరులో నిర్బంధ సైనిక సేవ గురించి మళ్ళీ అడిగితే జనం మళ్ళీ కాదన్నారు.

ఇది చదువుతుంటే నాకు ఎక్కడో విన్న కథలా అనిపించింది. రెండు రోజులు పట్టింది గుర్తు రావడానికి. ఇది మన 1972.

మన 1972

1971 డిసెంబరు యుద్ధం పధ్నాలుగు రోజుల్లో ముగిసింది గానీ, దానికోసం ప్రకటించిన ఎమర్జెన్సీ ముగియలేదు. ఆ ఎమర్జెన్సీ అమల్లో ఉండగానే 1972 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నిక జరిగింది. (ఎమర్జెన్సీలో ఎన్నికలా అని ఆశ్చర్యపోకండి. 1962 చైనా యుద్ధంలో పెట్టిన ఎమర్జెన్సీ 1968 జనవరి దాకా ఉంది. అంటే 1967 ఎన్నికలు కూడా ఎమర్జెన్సీలోనే.) ఢాకా గెలుపు గాలిలో కాంగ్రెస్‌కు 287లో 219 సీట్లు వచ్చాయి. పి.వి. నరసింహారావు మళ్ళీ ముఖ్యమంత్రి.

తర్వాత ఏమైందో తెలుగువాళ్ళకు చెప్పాలా? అక్టోబరులో ముల్కీ నిబంధనలు (తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనేవి) చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, కోస్తాలో జై ఆంధ్ర మంటలు, జనవరిలో పి.వి. రాజీనామా, రాష్ట్రపతి పాలన. 219 మంది ఉన్న ప్రభుత్వం ఏడాది నిండకుండా పోయింది. ముల్కీ గొడవేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1969లో దానిమీద తెలంగాణ రగిలింది. హైకోర్టు తీర్పు ఎన్నికలకు కొద్ది వారాల ముందే, ఫిబ్రవరిలో వచ్చింది. కళ్ళెదుట ఉన్న సమస్య అది. అయినా మార్చిలో ఓటు పడింది ఢాకాకి.

మార్చిలో గెలుపు, ఆగస్టులో సమ్మె. మార్చిలో గెలుపు, అక్టోబరులో మంటలు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే హెడ్‌మాస్టరు గారి మాటకు బలం వచ్చినట్టే ఉంది. యుద్ధపు వేడిలో అడిగితే జనం యుద్ధం గురించే చెప్తారు, దానిమీద ప్రభుత్వాన్ని కడితే నిలబడదు అని ఆయన అనవచ్చు.

కానీ అప్పుడు 1941 ఏమిటి? అదే రాష్ట్రం, అంతకన్నా గడ్డు యుద్ధం, నిలబడిన ప్రభుత్వం.

నాకు తోస్తున్నది ఇది. తేడా యుద్ధంలో లేదు, ప్రశ్నలో ఉంది. 1917లో, 1972లో ఎన్నిక మొత్తాన్నీ ఒకే ప్రశ్నగా కుదించారు. నువ్వు మనవైపా, కాదా? 1941లో ఆ ప్రశ్నను రెండు పక్షాలూ ముందే ఒప్పేసుకుని పక్కన పెట్టాయి. అవతలివాడు దేశద్రోహి కాదు అని ఒప్పుకున్నాక గానీ నీళ్ళు, నేల, పల్లెటూళ్ళు అన్న మాట రాలేదు. యుద్ధకాలంలో ఎన్నిక పెట్టాలా వద్దా అని మనం కొట్టుకుంటాం గానీ, ఎన్నికలో యుద్ధం కాక ఇంకేమైనా మాట్లాడనిస్తారా లేదా అన్నదే అసలు తగువు.

దీనికీ మచ్చ ఉంది, దాచను. 1941 మేలో కమ్యూనిస్టు పార్టీ ఇక్కడ నిషేధంలో ఉంది. 1940 జూన్‌లో పెట్టిన నిషేధం 1942 డిసెంబరు దాకా తీయలేదు. కాబట్టి "అందరూ మనవాళ్ళే అని ఒప్పుకున్నారు" అనేది, ఒప్పుకోనివాళ్ళను ముందే గదిలో పెట్టి తలుపేశాక కుదిరిన ఒప్పందం. నా వాదనలో ఈ చిల్లు నాకు తెలుసు. పూడ్చే మట్టి నా దగ్గర లేదు.

అడగని చోట

అయినా ఎన్నిక వైపే నేను మొగ్గడానికి కారణం పుస్తకాల్లోది కాదు, మా అమ్మమ్మ.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. అమ్మమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ రాత్రే వాళ్ళ కుటుంబం విజయనగరం వైపు చుట్టాల ఊరికి బండి కట్టింది. వాళ్ళమ్మ నగలమూట మరిచిపోయి, అడుగున నాలుగు ముక్కలు మిగిలిన పాత ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. "దారంతా జాడీని పట్టుకునే ఏడ్చిందే, నగలకోసం ఏడవలేదు" అని అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. మళ్ళీ పడతాయా, పడవా, తిరిగి వెళ్ళచ్చా, చెప్పే నాథుడు లేడు. ఆ నెలలోనే మద్రాసు నగరం కూడా సగం ఖాళీ అయింది.

చెప్పే నాథుడు ఎందుకు లేడు? 1937లో మనవాళ్ళు ఓటేసి గెలిపించిన కాంగ్రెస్‌కు మద్రాసు అసెంబ్లీలో 215లో 159 సీట్లు. మనల్ని అడగకుండా ఇండియాను యుద్ధంలోకి దించారని రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేసింది. ఆపైన 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 93వ సెక్షన్ కింద గవర్నరే సర్వం. 1946లో ఎన్నికలై ప్రకాశం పంతులు వచ్చేదాకా అంతే. ఆరేళ్ళకు పైగా తెలుగు జిల్లాల మీద ఓటుతో వచ్చినవాడెవడూ లేడు. సిడ్నీ మీద దాడి జరిగితే తిట్టడానికి వాళ్ళకో ప్రీమియర్ ఉన్నాడు. విశాఖ మీద బాంబు పడితే తిట్టడానికి మా ముత్తాతకు తహసీల్దారు ఆఫీసు గుమాస్తా ఉన్నాడు.

సమానంగా పోల్చడం కుదరదని తెలుసు. అది వలస పాలన, ఇది స్వపరిపాలన. 1937లో ఓటున్నది కూడా పన్నులు కట్టేవాళ్ళకీ చదువుకున్నవాళ్ళకీ మాత్రమే, మా ముత్తాతకు ఉందో లేదో కూడా అనుమానమే. కానీ "యుద్ధం అయ్యాక చూద్దాం" అన్న మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఆ ఎద్దుబండి గుర్తొస్తుంది. యుద్ధంలో ప్రభుత్వం మన దగ్గర తీసుకునేవి మామూలు రోజుల్లో కన్నా ఎక్కువ. మనుషుల్ని తీసుకుంటుంది, పెట్రోలు తీసుకుంటుంది, రాత్రిపూట దీపం తీసుకుంటుంది. ఇన్ని తీసుకునేవాడు అడగకుండా ఉండే రోజులు కూడా అవే కావడం నాకు మింగుడు పడదు.

ఉక్రెయిన్ సంగతి

మరి జెలెన్‌స్కీ? ఇక్కడ మాత్రం నేను హెడ్‌మాస్టరు గారి వైపే. 2022 ఫిబ్రవరి 24 నుంచి అక్కడ మార్షల్ లా. అది ఉన్నంతకాలం ఎన్నికలు పెట్టకూడదని యుద్ధానికి ముందు నుంచే వాళ్ళ చట్టం. పార్లమెంటు గడువు తీరినా కొత్త పార్లమెంటు కూర్చునేదాకా పాతదే కొనసాగాలని రాజ్యాంగంలోనే ఉంది. లక్షల మంది దేశం బయట, లక్షల మంది ఆక్రమణ కింద. పోలింగ్ బూతు ముందు వరుస కడితే అదే క్షిపణికి గురి. 1941లో సిడ్నీ మీద ఆకాశంలో ఏ శత్రు విమానమూ లేదు. నా ఉదాహరణ అంత దూరం వెళ్ళదు.

బ్రిటనూ అంతే. 1935లో ఎన్నికైన పార్లమెంటు ఏటేటా పొడిగించుకుంటూ 1945 దాకా నడిచింది. బాంబులు పడుతున్నాయి, పైగా అన్ని పార్టీలూ కలిసి ప్రభుత్వంలో ఉన్నాయి. వాయిదా వేశారు, సరే. కానీ ఓటు అడిగిన మొదటి అవకాశంలోనే, జపాన్‌తో యుద్ధం ఇంకా నడుస్తుండగానే, చర్చిల్‌ని దింపేశారు. యూరప్‌లో గెలిచి రెండు నెలలే. గెలుపు గాలి సిద్ధాంతం అక్కడ పనిచేయలేదు చూడండి. పదేళ్ళుగా అడగని ఇళ్ళ గురించీ వైద్యం గురించీ వాళ్ళు ఒకేసారి చెప్పారు.

వాయిదాకి నేను పూర్తిగా అడ్డం కాదు. వాయిదా ఎప్పుడు ముగుస్తుందో చెప్పే అధికారం వాయిదా వల్ల లాభపడేవాడి చేతిలో ఉంటేనే భయం. మన దగ్గర 1976లో లోక్‌సభ గడువు రెండుసార్లు పొడిగించారు. అప్పుడు సరిహద్దులో ఏ యుద్ధం జరుగుతోందని?

ఫోను

ఇదంతా రాసి, మొహమాటపడుతూనే హెడ్‌మాస్టరు గారికి పంపాను. ఆయన అప్పటికి రాజమండ్రి చేరిపోయారు. రెండు రోజులకు ఫోన్ చేశారు. ఆవకాయ జాడీ బాగుందన్నారు. 1972లో తను కొత్తగా ఉద్యోగంలో చేరి, పోలింగ్ డ్యూటీ చేశానని చెప్పారు. తర్వాత కాస్త ఆగి, "అన్నీ రాశావు గానీ బాబూ, కార్గిల్ వదిలేశావేం? అప్పుడు నీకు ఓటు ఉండే ఉంటుందే" అన్నారు.

ఉంది. 1999 సెప్టెంబరు, నా మొదటి ఓటు. ఒక్క ఓటు తేడాతో పడిపోయిన ఆపద్ధర్మ ప్రభుత్వమే కార్గిల్ యుద్ధం నడిపింది. జూలైలో యుద్ధం అయింది, సెప్టెంబరు-అక్టోబరుల్లో లోక్‌సభకూ మన అసెంబ్లీకీ కలిపి ఎన్నికలు. కాలేజీలో జవాన్ల కోసం డబ్బా పట్టుకుని చందాలు పోగుచేసిన బ్యాచ్ మాది. మా ఊళ్ళో బడి వరండాలో చేతికి రెండు బ్యాలెట్ కాగితాలిచ్చారు, ఒకటి ఢిల్లీకి, ఒకటి హైదరాబాదుకి. ఆ ఏడు వేసవంతా మా వీధి కుళాయికి నీళ్ళు రాలేదు. ట్యాంకరు దగ్గర బిందెలతో అమ్మ కొట్లాడిన రోజులున్నాయి. నేను రెండు కాగితాల మీదా ఒకే కూటమికి, చకచకా ముద్ర గుద్దేసి, సిరా వేలు ఫ్రెండ్స్‌కి చూపించుకుంటూ బయటికొచ్చాను.

"నీళ్ళ సంగతి ఎవరైనా అడిగారా మరి, మీ ఎమ్మెల్యేని?" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

ఆ ఎమ్మెల్యే పేరేమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు.